బెంగళూరులో ఉంటూ ఊరి కబుర్లు చేరవేయడం ఎట్లా: ఒక కదిరి కండక్టరు పద్ధతి

నేను కదిరి డిపోలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర యలహంకలో ఉంటున్నాను. బెంగళూరులో ఉన్న కదిరి వాళ్ళకు, చుట్టుపక్కల తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట, తలుపుల, ఓబుళదేవరచెరువు మండలాల వాళ్ళకు ఊరి కబుర్లు ఫోన్లో పంపిస్తుంటాను. హిందూపురం, మదనపల్లె, పుంగనూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు మా ఊరికీ ఇట్లాంటిది పెట్టుకోవాలంటే ఏం చేయాలి అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఏ కబురు పంపాలో తేల్చుకోండి. నా కొలత ఒక్కటే: నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి ఆ కబురు వినగానే లేచి ఏదో ఒకటి చేయగలగాలి. బస్సెక్కడం, డబ్బు పంపడం, అమ్మకు ఫోన్ చేయడం, పన్ను కట్టడం, ఏదైనా సరే. ఏ నాయకుడు ఏ రోడ్డుకు కొబ్బరికాయ కొట్టాడో పేపర్లో వస్తుంది, కావలసినవాళ్ళు చదువుకుంటారు. కుటాగుళ్ళ వైపు కుళాయి నీళ్ళు రేపటి నుంచి రెండు రోజులు రావు అన్న సంగతి మాత్రం, అక్కడ తల్లి ఒక్కతే ఉన్న కొడుక్కి ఇప్పుడే తెలియాలి. ట్యాంకరు మాట్లాడి పెడతాడు.

తర్వాత మనుషులు. ఊళ్ళో ఒక్కో సంగతికి ఒక్కో మనిషి ఉండాలి. బస్టాండు దగ్గర టీ అంగడి ఆయనకు రోడ్డు ఎక్కడ తెగింది, ఏ బస్సు ఆగిపోయింది అన్నీ తెలుస్తాయి. మునిసిపాలిటీ నోటీసు బోర్డును ఫోటో తీసి పంపే కుర్రాడు ఒకడు కావాలి. గుడి దగ్గర ఒకరు, మసీదు దగ్గర ఒకరు, చర్చి దగ్గర ఒకరు తప్పనిసరి. అందులో ఎవరు లేకపోయినా కదిరిలో కొంత భాగం మీకు వినపడకుండా పోతుంది. మందుల అంగడి వాళ్ళను జ్వరాలు ఎక్కువగా ఉన్నాయా అనే అడగండి. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో వాళ్ళను అడగకూడదు, వాళ్ళు చెప్పబోయినా వినకూడదు.

ఫోన్ చేసే వేళ కూడా ముఖ్యం. మల్లెపూల అంగడి ఆమెకు పొద్దున చేస్తే బేరం పాడవుతుంది, మధ్యాహ్నం చేయాలి. గుడి దగ్గర మనిషికి తలుపులు వేసిన తర్వాత చేయాలి. వార్డు సచివాలయంలో పనిచేసేవాళ్ళకు నెల మొదటి రెండు రోజులు చేయవద్దు, పింఛన్ల పనిలో తిరుగుతుంటారు. వీళ్ళెవరికీ మనం జీతం ఇవ్వడం లేదు. వాళ్ళ పిల్లలు ఇంటర్వ్యూకు బెంగళూరు వస్తే మెజెస్టిక్ బస్టాండు నుంచి ఎట్లా పోవాలో చెప్పడం, ఒక రాత్రి పడక చూపించడం మన వంతు. అట్లా ఇచ్చిపుచ్చుకుంటేనే కబురు మన దాకా వస్తుంది.

ఇక చావు కబురు. అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఇదే, అన్నిటికంటే తొందరగా చేయాల్సిందీ ఇదే. "ఆసుపత్రిలో ఉన్నారంట, కష్టమంటున్నారు" అన్న మాట ఎప్పుడూ పంపకండి. ప్రాణం పోయిందని చెప్పినవాణ్ణి ముందు ఒక్కటే అడగాలి: నువ్వు చూశావా, విన్నావా? విన్నానంటే ఎవరి దగ్గర విన్నాడో వాళ్ళకు ఫోన్ చేయాలి. ఇంటివాళ్ళలో ఒకరు, వాళ్ళతో సంబంధం లేని పక్కింటి మనిషి ఒకరు, ఇద్దరూ చెప్పాలి. ఆ ఇద్దరూ మూడో మనిషి ఒకడి దగ్గరే విని ఉంటే అది ఒక్క నోటి మాటే.

కబురు నిజమని తేలినా వెంటనే అందరికీ పంపకూడదు. పోయినాయన కొడుకో కూతురో ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్ళిలోనో ఆఫీసులో ఉంటారు. ఇంటివాళ్ళు వాళ్ళకు చెప్పారా లేదా అని అడిగి, చెప్పారని వాళ్ళ నోట విన్న తర్వాతే పంపాలి. నాయన పోయిన సంగతి ఒక బిడ్డకు నలుగురికీ వెళ్ళే మెసేజిలో తెలియడం కంటే ఘోరం లేదు. ఎన్ని గంటలు ఆలస్యమైనా సరే, ఈ ఒక్క దగ్గర ఆగండి. ఇంటివాళ్ళు ఎట్లా చెప్పాలో తోచక ఉంటే, ఆ బిడ్డ పక్కన ఉండే మన ఊరి మనిషి ఎవరో చూసి, నేరుగా అతన్ని ఇంటికి పంపండి.

పేరు రాసేటప్పుడు ఒట్టి పేరు రాయకండి. ఖాద్రీ నరసింహస్వామి ఊరు మాది. నరసింహులు అని పిలిస్తే వీధికి నలుగురు తిరిగి చూస్తారు. ఖాదర్ అన్నా, బాషా అన్నా అంతే. పేరు, తండ్రి పేరు లేదా ఇంటిపేరు, వీధి, చేసిన పని, వయసు, ఈ ఐదింటిలో కనీసం నాలుగు ఉండాలి. నేను పంపే మెసేజి ఇట్లా ఉంటుంది:

"చావు కబురు. కదిరి వలీసాబ్ రోడ్డు, బెల్లం అంగడి నరసింహులు గారు, సుమారు 70 ఏళ్ళు, ఈ తెల్లవారుజామున ఇంట్లో కాలం చేశారు. మట్టి ఈ రోజు సాయంత్రం 4 గంటలకు. చెప్పింది అల్లుడు, పక్క అంగడి వాళ్ళు. ఉదయం 7:40కి పంపుతున్నాను."

చివర పంపిన టైము రాయడం మరచిపోవద్దు. ఆ మెసేజి చేతులు మారి రెండు రోజుల తర్వాత ఎవరికో అందుతుంది, "ఈ రోజు" అంటే ఏ రోజో వాళ్ళకు తెలియాలి. ముస్లింల ఇంట్లో అయితే జనాజా నమాజు ఏ మసీదులో, ఏ నమాజు తర్వాత, ఏ ఖబరస్తాన్ అన్నది రాయాలి. వాళ్ళకు ఖననం తొందరగా జరుగుతుంది కాబట్టి ఆ కబురును ఇంకా వేగంగా తేల్చాలి. క్రైస్తవులకు చర్చి పేరు, ప్రార్థన వేళ. మట్టికి అందుకోలేనివాళ్ళ కోసం దివసాల (పెద్దకర్మ) తేదీ తెలిసిన రోజు మళ్ళీ ఒక మెసేజి పంపాలి.

కదిరికి బాగేపల్లి, గోరంట్ల మీదుగా బస్సులో నాలుగు గంటలు వేసుకోవాలి. అది హెబ్బాళ దాటిన తర్వాత లెక్క అనుకోండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నవాళ్ళు ఊరు దాటి హెబ్బాళకు చేరడానికే మరో రెండు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగుకు మట్టి అంటే ఆ చివర ఉన్నవాళ్ళు పొద్దున తొమ్మిదికల్లా బయలుదేరాలి. అందుకే నేను వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్ళకు ముందు పంపి, యలహంక, హెబ్బాళ వాళ్ళకు తర్వాత పంపుతాను. కారులో పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎన్ని సీట్లు ఖాళీ, ఎక్కడ ఎక్కించుకుంటారు అన్నది రెండో మెసేజిలో వస్తుంది.

డబ్బుకు సంబంధించిన తేదీలు కొన్ని ఏడాది పొడవునా ఉంటాయి, వాటిని ముందే క్యాలెండరులో రాసి పెట్టుకోండి. ఎన్టీఆర్ భరోసా పింఛను నెల 1వ తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు. 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు. 1వ తేదీ ఆదివారం పడితే ముందు రోజే ఇచ్చేస్తారు. మనవళ్ళను చూసుకోవడానికి ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కోసం 27వ తేదీనే గుర్తు చేస్తాను, బస్సులో సీటు చూసుకోవాలి కదా. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తారు, ఆ మూడో నెల కూడా తప్పితే పింఛనే ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఎవరు రెండు నెలలుగా ఇక్కడే ఉండిపోయారో చూసి, వాళ్ళ పిల్లలకు విడిగా ఫోన్ చేస్తాను. ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపల ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. అది ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి, 25న ఒకసారి పంపాలి. పల్లెల్లో భూమి ఉన్నవాళ్ళకు గ్రామసభ తేదీ, రీసర్వే నోటీసు ముఖ్యం. హద్దులు చూపించే రోజు మనిషి లేకపోతే తర్వాత తిరగాల్సి వస్తుంది.

వాన కబురంటే నాకు ప్రాణం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, ప్రతి వానా లెక్కే. "కదిరిలో వాన దంచికొడుతోంది" అని పంపితే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు, ఏ పొద్దు నుంచి ఏ పొద్దు దాకా అన్నది రాయాలి. వాతావరణ శాఖ పొద్దున ఎనిమిదిన్నరకు తీసే లెక్క అంతకు ముందు 24 గంటలది. 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ పడితేనే వాళ్ళు దాన్ని వాన పడిన రోజుగా లెక్కేస్తారు. ఆ అంకె తర్వాత రైతు మాట ఒకటి చేర్చండి: విత్తనానికి నేల పదునైందా లేదా, వంక పారిందా, చెరువుకు నీళ్ళు చేరాయా, చెరువు నిండి మరవ పారుతోందా. ఇక్కడ సెక్యూరిటీ పనిలోనో కట్టడాల్లోనో ఉన్నవాళ్ళు జూన్, జులైలో పదునైందని తెలిస్తే శెనక్కాయ విత్తనం వేయడానికి సెలవు అడిగి పోతారు. మే నెల నుంచే రైతు సేవా కేంద్రాల్లో సబ్సిడీ విత్తనం ఎప్పుడిస్తున్నారో, కె-6 ఉందా, కదిరి లేపాక్షి ఉందా అని కనుక్కుంటూ ఉండాలి. ఆ రెండు రకాలూ మా కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. ఈ మాట రాసేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

వాన ఎక్కువైనప్పుడు మాత్రం అదే నోటికి కళ్ళెం వేయాలి. 2021 నవంబరు వానలకు కదిరిలో ఇల్లు కూలి ప్రాణాలు పోయాయి. అట్లాంటి రోజున ఎంతమంది అన్న అంకె పంపకండి. ఏ వీధి, ఎవరిని ఏ ఆసుపత్రికి తీసుకుపోయారు, ఏ దారి మూసేశారు, ఇవి మాత్రమే పంపండి. ఫోటోలు వద్దు.

ఆసుపత్రి సంగతులు రెండు రకాలు. రక్తం కావాలంటే గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ బ్లడ్ బ్యాంకు, ఎన్ని గంటల లోపల, ఎవరిని కలవాలి అన్నది రాయాలి. సరిపోగానే "సరిపోయింది, ఇక పోవద్దు" అని మళ్ళీ పంపాలి, ఎవరూ పనులు మానుకుని పోయి ఊరికే తిరిగి రాకూడదు. ఊరి నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు కావలసింది తోడు వచ్చినవాళ్ళకు పడక, ఇంటి భోజనం, కన్నడం మాట్లాడే మనిషి. వాళ్ళను అడగకుండా ఏదీ పంపకూడదు. రోగి పేరు తీసేస్తే చాలదు, ఆసుపత్రి పేరు కూడా తీసేయాలి. కిద్వాయ్ అని రాస్తే క్యాన్సరని చెప్పినట్టే, మెదడు, మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ అని రాసినా ఊరంతా ఏదో ఒకటి అనుకుంటుంది. "హోసూరు రోడ్డు వైపు ఇద్దరికి పది రోజులు గది కావాలి" అంటే చాలు.

పిల్లలు వెళ్ళిపోయి పెళ్ళి చేసుకున్నారని, ఫలానా ఇంట్లో గొడవని, పోలీసులు తీసుకుపోయారని మీకు చెప్పేవాళ్ళు ఉంటారు. అవి పంపకండి. మైనరు పిల్లల మీద అఘాయిత్యం జరిగిన కేసులో ఆ బిడ్డ పేరు, బడి, వీధి ఏదీ బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా నేను పంపేవాణ్ణి కాదు. పార్టీల మాట, కులాల మాట కూడా వద్దు. ఎన్నికలప్పుడు పోలింగు తేదీ, బస్సుల సంగతి మాత్రం రాస్తాను.

ఎట్లా పంపాలన్నది తేలిక. వాట్సాప్‌లో గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు నయం. గ్రూపులో చావు కబురు కింద పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడతాయి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, మీ నంబరును వాళ్ళు సేవ్ చేసుకుని ఉంటేనే అందుతుంది. ప్రాంతాన్ని బట్టి లిస్టులు విడగొట్టుకోండి. చదవలేనివాళ్ళకు అదే విషయాన్ని నిమిషం లోపు గొంతుతో చెప్పి పంపండి. మన ఊరి వాళ్ళు భోంచేసే మెస్సుల్లో వారానికి ఒక కాగితం అంటిస్తాను, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు అక్కడ చూసుకుంటారు. క్రమం తప్పకుండా అచ్చు పత్రికే వేయాలనుకుంటే మాత్రం 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోవాలి.

ఏడాదికి ఒక్కసారి అందరూ ఎదురుచూసే కబురు రథోత్సవం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, పౌర్ణమి దాటిన కొన్ని రోజులకు తేరు. దేవస్థానం వాళ్ళ ఆహ్వాన పత్రిక చేతికొచ్చేదాకా తేదీ పంపకండి, పంచాంగం చూసి ఎవరో లెక్కగట్టిన తేదీ నమ్మి సెలవు పెట్టుకుంటే కష్టం. తేదీతో పాటు ఆ రోజు బస్సులు ఎక్కడ ఆపేస్తారు, అక్కడి నుంచి ఎంత నడవాలి అన్నదీ రాయండి, ముసలివాళ్ళను తీసుకుపోయేవాళ్ళకు అదే ముఖ్యం. తేరు మీద చల్లే దవనం, మిరియాలు అక్కడే దొరుకుతాయని కూడా రాస్తాను, ఇక్కడ పుట్టిన పిల్లలు అడుగుతుంటారు.

ఆ వారమంతా నేను ఊళ్ళోనే ఉంటాను కాబట్టి లిస్టులన్నీ మారతహళ్ళిలో ఉండే తలుపుల అమ్మాయి చేతికి ఇచ్చిపోతాను. మీరు కూడా రెండో మనిషిని ముందే తయారు చేసుకోండి, నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఇవ్వండి. ఆ రోజుల్లో కదిరి నుంచి ఆమెకు కబురు చెప్పేది నేనే. నేను చెప్పినదాన్ని కూడా ఇంకొకరిని అడిగాకే పంపుతుంది. అట్లా చేయమని చెప్పింది నేనే.