కంపెనీలు మారేవాళ్ళకి పాఠాలు – 3: పీఎఫ్ ఖాతా చక్కబెట్టుకోవడం

పోయిన పాఠంలో, చేసిన ప్రతి ఉద్యోగానికీ చేరిన తేదీ, మానేసిన తేదీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. రాశారా? లేకపోతే ముందు అది కానివ్వండి, ఇవాళంతా దానితోనే పని.

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో మనవాళ్ళని చూస్తుంటాను, రెండేళ్ళకో కంపెనీ మారతారు, మారిన ప్రతిసారీ హైక్ ఎంతొచ్చిందో లెక్క కట్టి మరీ చెబుతారు, పాత పీఎఫ్ ఏమైందిరా అంటే మాత్రం దిక్కులు చూస్తారు. నేనూ ఆ బాపతే. నాలుగో కంపెనీలో చేరబోతుంటే వెరిఫికేషన్‌ వాళ్ళు ఫోన్ చేసి, మీరు రెండో కంపెనీ ఇంకా మానలేదా అన్నారు. మానేసి మూడేళ్ళయింది, అక్కడి హెచ్‌ఆర్ నా ఎగ్జిట్ డేట్ వేయనేలేదు. రికార్డు ప్రకారం నేను రెండు చోట్ల ఉద్యోగం వెలగబెడుతున్నాను! ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన, కంపెనీ మారినా మారని 12 అంకెల యూఏఎన్‌తో ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసుకునే ప్రభుత్వ సంస్థ) మెంబర్ పోర్టల్లోకి వెళ్ళి సర్వీస్ హిస్టరీ తెరవండి. కాగితంలోని తేదీలతో ఒక్కో వరసా పోల్చండి. ఎగ్జిట్ డేట్ ఖాళీగా ఉంటే హెచ్‌ఆర్ చుట్టూ తిరగక్కర్లేదు, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత, 'మేనేజ్' కింద ఉండే 'మార్క్ ఎగ్జిట్'లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఒకసారి వేశాక మార్చుకోవడం తలనొప్పి, కాబట్టి రిలీవింగ్ లెటర్ ముందు పెట్టుకుని వేయండి.

తర్వాత ట్రాన్స్‌ఫర్. పాత కంపెనీ పీఎఫ్‌ని కొత్త కంపెనీ ఖాతాలోకి మార్చుకోవడమన్నమాట. బెంగళూరులో ఇంటి అడ్వాన్సులు కట్టలేక పాత పీఎఫ్ లాగేసుకునేవాళ్ళు బోలెడుమంది, తప్పు పట్టను, కానీ ఏం పోతుందో తెలుసుకుని తీయండి. మొత్తం సర్వీసు అయిదేళ్ళు నిండకుండా తీస్తే దానిమీద పన్ను పడుతుంది. ట్రాన్స్‌ఫర్ చేస్తూ వస్తే పాత సర్వీసు కూడా కలుస్తుంది, అంటే రెండేళ్ళు, రెండేళ్ళు, ఏడాదిన్నర చేసినవాడికి అయిదున్నరేళ్ళు. గ్రాట్యుటీకి (మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే సొమ్ము) ఈ సౌకర్యం లేదు, అది కంపెనీకి కంపెనీ వేరే లెక్క, మామూలుగా ఒకేచోట అయిదేళ్ళు ఉండాలి. మనలాంటివాళ్ళం ఆశ వదులుకోవడమే.

పెన్షన్ సంగతి ఎవరూ పట్టించుకోరు. మీ జీతం మీద కంపెనీ కట్టే 12 శాతంలోంచి, జీతంలో 8.33 శాతం అంత పెన్షన్ పథకానికి వెళుతుంది, మామూలుగా 15,000 జీతం పరిమితి మీద లెక్క కాబట్టి నెలకు మహా అయితే 1,250 రూపాయలే. చిన్న మొత్తమే కదా అని 10సీ ఫారం పెట్టి తీసేసుకుంటే ఆ ఏళ్ళు పెన్షన్ సర్వీసులోంచి పోతాయి, నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ళుండాలి.

ఈ వారం హోంవర్క్: పాస్‌బుక్‌లో ఒక్కో మెంబర్ ఐడీ (కంపెనీకొకటి ఉంటుంది) తెరిచి చూడండి, పాత ఐడీలో బ్యాలెన్స్ మిగిలి ఉంటే ట్రాన్స్‌ఫర్ పెట్టండి. వచ్చే పాఠం, ఒకే ఏడాదిలో రెండు కంపెనీల జీతం తీసుకున్నప్పుడు పన్ను దగ్గర తగిలే దెబ్బ గురించి. జీతం, పన్ను కోతల వివరాలతో ఆ కంపెనీలిచ్చే రెండు ఫారం 16లూ దగ్గర పెట్టుకోండి.