డెడ్‌బోల్ట్ మీరే బిగించుకోండి, గుమ్మం వైపు మాత్రం తొందరపడొద్దు

డెడ్‌బోల్ట్ అంటే మరేం లేదు, స్ప్రింగ్ లేని గడియ. మామూలు లాక్‌లో నాలుక స్ప్రింగ్ మీద ఆడుతుంది కాబట్టి సందులోంచి పల్చటి కార్డు దూర్చి వెనక్కి నెట్టేసే వీలుంటుంది, దీని బోల్ట్ మాత్రం బయట తాళంచెవో లోపల నాబో తిప్పితే తప్ప కదలదు. కాకపోతే బోల్ట్ పూర్తిగా బయటికి వచ్చినప్పుడే ఆ పట్టు ఉంటుంది. గుమ్మంలో కన్నం లోతు చాలక సగంలో ఆగిపోతే ఎంత ఖరీదైన లాకైనా దండగే.

కొనే ముందు తలుపు మందం కొలవండి. ఎక్కువ లాకులు 35 నుంచి 45 మిల్లీమీటర్ల మందానికి చేసినవే, 30 మిల్లీమీటర్ల ఫ్లష్ డోర్ అయితే ప్యాకెట్ మీద చూసి తీసుకోవాలి. ఇంకో కొలత బ్యాక్‌సెట్, అంటే తలుపు అంచు నుంచి లాక్ కూర్చునే పెద్ద కన్నం మధ్య దాకా ఉండే దూరం. ఇది 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలావాటిలో రెండిటికీ మార్చుకోవచ్చు. మన టేకు తలుపులతో చిక్కంతా ఇక్కడే: అంచున ఉండే నిలువు చెక్క సన్నగా ఉండి పక్కనే నగిషీ మొదలైతే లాక్ ప్లేటు సమంగా కూర్చోదు. అలాంటి తలుపుకీ, ఇనుప లేదా సిమెంటు గుమ్మానికీ ఈ రకం వద్దు, లోపలివైపు పైన బిగించే రిమ్ లాక్ తెచ్చుకోండి. రెండు రెక్కల తలుపైతే, కదలని రెక్కకి పైనా కిందా గట్టి టవర్ బోల్టులు ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. లోపల కూడా తాళంచెవితోనే తెరిచే రకం మాత్రం నేను వద్దనే అంటాను. మంటలొస్తే ఆ చీకట్లో, పొగలో తాళంచెవి ఎక్కడ వెతుక్కుంటారు?

పని మొదలుపెట్టే ముందు బందుల స్క్రూలు బిగించండి, తలుపు దిగిపోయి ఉంటే పెట్టిన మార్కులన్నీ తప్పుతాయి. పాత లాక్‌కి ఓ 15 సెంటీమీటర్లు పైన, డబ్బాలో వచ్చిన కాగితం టెంప్లేట్ అంచుకి మడిచి టేపుతో అంటించి, రెండు కన్నాల మధ్య బిందువులూ మేకుతో గుచ్చండి. ముందు పెద్ద కన్నం. సాధారణంగా 54 మిల్లీమీటర్ల హోల్ సా, అంటే డ్రిల్‌కి తగిలించి గుండ్రంగా కోసే రంపం కావాలి. ఒకవైపు నుంచే చివరిదాకా కోసేస్తే అవతలివైపు చెక్క పెచ్చులు లేచిపోతుంది, కాబట్టి మధ్యలోని సన్న బిట్ మొన అవతల కనిపించగానే ఆపేసి, అటువైపుకి వెళ్లి మిగతాది కోయండి. తర్వాత అంచు నుంచి 25 మిల్లీమీటర్ల కన్నం, ఆ పెద్ద కన్నంలోకి కలిసేదాకా. ఇక్కడ డ్రిల్ కొంచెం వంగినా బోల్ట్ రాసుకుంటూ ఉంటుంది, పక్కన ఒకరిని నిలబెట్టి తిన్నగా ఉందో లేదో చూడమనండి. బోల్ట్ దూర్చి, దాని ముందు ప్లేటు చుట్టూ పెన్సిల్‌తో గీసి, అది అంచుతో సమంగా కూర్చునేంత మేర ఉలితో పల్చగా చెక్కాలి. కోసిన చోటల్లా కాస్త వార్నిష్ రాస్తే తేమ పట్టదు.

బిగించేటప్పుడు బోల్ట్ మీద పై వైపు గుర్తు ఉంటే అది పైకే ఉండాలి, బోల్ట్ లోపలికే ఉండాలి. తాళంచెవి దూర్చే బయటి సిలిండర్ వెనక ఉండే పట్టీని బోల్ట్ మధ్య రంధ్రంలోంచి పోనిచ్చి, లోపలి ప్లేటు రెండు పొడవాటి స్క్రూలతో బిగించండి. మరీ బిగిస్తే తాళంచెవి తిరగదు. తలుపు తెరిచే ఉంచి నాలుగైదుసార్లు తిప్పి చూడండి, మూసి చూశారంటే బయటే ఉండిపోవచ్చు!

ఇక గుమ్మం. బోల్ట్ మొనకి తడిపిన కుంకుమ రాసి, తలుపు మూసి లోపల్నుంచి నాబ్ తిప్పితే కన్నం ఎక్కడ పడాలో గుమ్మం మీద ముద్ర పడుతుంది. బోల్ట్ సాధారణంగా 25 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, కన్నం 30 దాకా తవ్వండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, అందుకని పైకీ కిందికీ ఓ 2 మిల్లీమీటర్లు వదలాలి. చాలామంది ఆ సందు ఇవ్వకుండా ఆగస్టులో తలుపు అంచంతా చిత్రిక పట్టిస్తారు, వేసవి వచ్చేసరికి సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. గుమ్మం కన్నం మీద బిగించే స్ట్రైక్ ప్లేటుకి ఇచ్చే చిన్న స్క్రూలు పక్కన పడేసి రెండున్నర అంగుళాల స్టీలు స్క్రూలు వాడండి, ఒక్క తన్నుకి ఊడొచ్చేది ఆ ప్లేటే. టేకులో సన్న బిట్‌తో దారి చేయకుండా ఇత్తడి స్క్రూ తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. అమెరికాలో సొంతింట్లో బిగించేవాళ్లయితే 3 అంగుళాలవి వేయండి, అక్కడ గుమ్మం చెక్క పల్చన, స్క్రూ దాన్ని దాటి గోడలోని కర్రని పట్టుకోవాలి.

తర్వాతెప్పుడైనా తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. పెన్సిల్ ములుకు మెత్తగా పొడి చేసి తాళంచెవికి రాసి తిప్పితే చాలు.