సెల్ఫ్ చెకౌట్ యంత్రం దగ్గర సరుకుల బిల్లు మీరే చేసుకోవడం ఎలా?

ఆదివారం సాయంత్రం కూకట్‌పల్లిలో సెల్ఫ్ చెకౌట్ ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్‌కు వెళ్తే, ఆ యంత్రాల మీద ఎర్రదీపాలు వెలుగుతూ, సిబ్బంది మెడలోని కార్డు పట్టుకొని పరుగులు తీస్తూ కనిపిస్తారు. యంత్రం పాడైందని జనం విసుక్కుంటారు గానీ, చాలాసార్లు తప్పు సంచి పెట్టిన తీరులోనే ఉంటుంది.

అడుగు గట్టిగా ఉన్న గుడ్డ సంచి, యూపీఐ ఉన్న ఫోన్ చాలు. విడి కూరగాయలను ఆ విభాగంలోనే తూకం వేయించి చీటీ అంటించుకోండి. సాధారణంగా 2తో మొదలయ్యే ఆ బార్‌కోడ్‌లోనే సరుకు గుర్తు, దాని తూకమో ధరో ఇమిడి ఉంటాయి కనుక, చీటీ పడ్డాక కవర్లో మరో రెండు టమాటాలు వేసుకోకండి. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని కలిపి చుట్టిన సబ్బులకు పైకవరు మీది కోడ్‌నే స్కాన్ చేయాలి.

అసలు చిక్కంతా స్కాన్ చేసిన సరుకును పెట్టే బల్ల దగ్గరే. దాని కింద తూకం ఉంటుంది. ఏ ప్యాకెట్ ఎంత బరువుండాలో యంత్రానికి ముందే తెలుసు కనుక, అరకిలో కందిపప్పు స్కాన్ చేస్తే బల్ల మీద సుమారు అంత బరువే పెరగాలని చూస్తుంది. పెరగకపోయినా, ఎక్కువ పెరిగినా అక్కడే ఆగిపోతుంది.

అందువల్ల మొదటి సరుకు స్కాన్ చేయకముందే సంచిని బల్ల మీద పెట్టి, తెర మీద ‘సొంత సంచి’ బటన్ నొక్కాలి. మధ్యలో పెట్టిన సంచి యంత్రం దృష్టిలో బిల్లు లేని సరుకే. హెల్మెట్ పెట్టకూడదు, పిల్లలను ఆనుకోనివ్వకూడదు. ఒకటి స్కాన్ చేసి, సంచిలో పెట్టి, తెర మళ్లీ సిద్ధమయ్యాకే రెండోది తీయాలి. బియ్యం, నూనె ముందు. గుడ్లు, ఆకుకూరలు చివర. కొత్తిమీర కట్ట బరువు బల్లకు అందకపోతే సిబ్బందిని పిలవండి. ఒకసారి నేను తెలివిగా బల్లను చేత్తో నొక్కి, నిండిన సంచిని ఖాళీ చేసి అన్నీ మళ్లీ మొదటినుంచి స్కాన్ చేయవలసి వచ్చింది.

పైకప్పు కెమెరాలే లెక్క చూసుకునే దుకాణాలుండగా ఈ తిప్పలెందుకని కొందరు అడుగుతారు. అమెజాన్ 2018 జనవరిలో సియాటిల్‌లో అలాంటి దుకాణాన్ని ప్రజలకు తెరిచింది. అయితే అమెరికాలోని తన పెద్ద కిరాణా దుకాణాల నుంచి ఆ పద్ధతిని తొలగిస్తున్నట్లు 2024లో ప్రకటించింది. అలాంటి కెమెరా దుకాణాల్లో బిల్లు మీరు బయటికి వచ్చాక ఫోన్‌కు చేరుతుంది. సెల్ఫ్ చెకౌట్‌లో ఒక్కో ధర కళ్లముందే పడుతుంది కనుక, అరలో రాసిన తగ్గింపు బిల్లులో రాకపోతే అప్పుడే అడగవచ్చు.

చెల్లింపు యూపీఐతోనే చేయండి. ఖాతాలో డబ్బు తగ్గినా తెర మారకపోతే రెండోసారి కట్టకుండా, లావాదేవీ సంఖ్యను సిబ్బందికి చూపండి. ద్వారం దగ్గర రసీదు అడుగుతారు కనుక, దాన్ని సంచి అడుగున పడేయకుండా చేతిలోనే ఉంచుకోండి.