ఊళ్లో డెస్క్‌టాప్, సిటీలో ల్యాప్‌టాప్: రిమోట్ డెస్క్‌టాప్ కలవకపోతే ఎక్కడ చూడాలి?

మిర్యాలగూడ ఇంట్లో ట్యాలీ ఉన్న డెస్క్‌టాప్, హైదరాబాద్ అద్దె ఇంట్లో కొడుకు ల్యాప్‌టాప్. మిల్లు లెక్కలు చూడ్డానికి ప్రతిసారీ బస్సెక్కడం దేనికని, దూరంలోని కంప్యూటర్‌ను ఇక్కడి నుంచే తెరిచి నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుంటారు. నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు ఇళ్లల్లోనూ ఇలాంటి ఏర్పాట్లు కనిపిస్తున్నాయి. పెట్టుకున్న రోజు బాగానే కలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు రెండూ ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉంటాయి. కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్బీనగర్‌లో దిగాక మొదలవుతుంది అసలు తంటా.

అప్పుడు చాలామంది ముందు పాస్‌వర్డ్ మీద పడతారు. నిజానికి పాస్‌వర్డ్ అడిగిందంటే సగం పని అయినట్టే, ఊరి కంప్యూటర్ దాకా మీరు చేరారన్నమాట. అడగకముందే ఆగిపోతే పాస్‌వర్డ్‌కూ దానికీ సంబంధం లేదు. కాబట్టి ఏదైనా మార్చేముందు, ఎంతదాకా పోయి ఆగిందో చూడండి.

చాలాసేపు తిరిగి, "కనెక్ట్ కాలేకపోయాం" అంటుంది

ఈ మెసేజ్‌లో విండోస్ మూడు కారణాలు చెబుతుంది: అవతల రిమోట్ యాక్సెస్ ఆన్ చేయలేదు, ఆ కంప్యూటర్ బంద్ ఉంది, లేదా అది నెట్‌వర్క్‌లో లేదు. రెండోదాంతో మొదలుపెట్టండి. ఇంటికి ఫోన్ కొడితే తేలిపోతుంది.

"నాయినా, కంప్యూటర్ నడుస్తుందా?"

"పొద్దున కరెంటు పోయొచ్చింది బిడ్డా, మళ్ల చాలు చెయ్యలే."

ఎక్కువసార్లు సంగతి ఇదే. కరెంటు వచ్చాక డెస్క్‌టాప్ తనంతట తాను లేవాలంటే బయాస్‌లో (విండోస్ మొదలయ్యేముందు తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) ఒక సెట్టింగ్ ఉంటుంది. మదర్‌బోర్డును బట్టి పేరు మారుతుంది, "ఏసీ పవర్ లాస్" అన్న మాట ఉన్న లైను వెతికి "పవర్ ఆన్" అని పెట్టాలి. ఈసారి ఇంటికి పోయినప్పుడే ఈ పని చేసి రండి, దూరం నుంచి కాదు.

కంప్యూటర్ ఆన్‌లోనే ఉందంటే నిద్రపోయిందేమో చూడాలి. స్క్రీన్ ఆరిపోవడం వేరు, స్లీప్‌లోకి పోవడం వేరు. స్క్రీన్ ఆరితే ఏం కాదు, స్లీప్‌లోకి పోతే మాత్రం పలకదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌కు పోయి స్లీప్‌ను "నెవర్" చేయండి, స్క్రీన్ మాత్రం పది నిమిషాలకు ఆరేలా ఉంచుకోవచ్చు. అక్కడున్నది ల్యాప్‌టాప్ అయితే మూత మూసినప్పుడు ఏం చేయాలన్నది కూడా "డు నథింగ్" అని మార్చాలి. అమ్మ దుమ్ము పడుతుందని మూత వేస్తే మీ కనెక్షన్ అక్కడే తెగుతుంది.

తర్వాత నెట్. వైఫై గుర్తు నిండుగా కనిపించినంత మాత్రాన నెట్ ఉన్నట్టు కాదు. కేబుల్ ఆపరేటర్ బిగించిన డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని చిన్న అక్షరాలుంటాయి. దాని దగ్గర ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుగు రావట్లేదని అర్థం. స్తంభం దగ్గర వైరు తెగి ఉండొచ్చు, ఇంట్లో సన్న పచ్చ తీగ గోడ మూల దగ్గర మరీ ఒంగి ఉండొచ్చు. అప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేయడమే, విండోస్‌లో వెతికి లాభం లేదు. ఇన్వర్టర్ లైను మీద కంప్యూటర్ ఉండి ఆ డబ్బా లేకపోయినా అంతే: కరెంటు పోగానే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, నెట్ పోతుంది. డబ్బాకు కావాల్సిన కరెంటు చాలా తక్కువ, దాని ప్లగ్గును కూడా ఇన్వర్టర్ లైనుకు మార్పించండి.

ఇంట్లో ఉంటే కలుస్తుంది, సిటీ నుంచి కలవదు

రెండు ఇళ్ల మధ్య వచ్చే చిక్కుల్లో పెద్దది ఇదే. ఊరి కంప్యూటర్ అడ్రస్ అని మీరు రాసుకున్నది 192.168తో మొదలవుతుందా? అది ఆ ఇంటి నాలుగు గోడల మధ్యే చెల్లుతుంది. సిటీలో ఆ నంబరు కొడితే మీ అద్దె ఇంటి రూటర్ తన దగ్గరే వెతుకుతుంది, అక్కడ పక్క గదిలోని టీవీకి అదే నంబరు ఉన్నా ఆశ్చర్యం లేదు.

దీనికి పాత పద్ధతి పోర్ట్ ఫార్వర్డింగ్. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును, అంటే దాని తలుపు నంబరును, రూటర్‌లో తెరిచి, లోపలి కంప్యూటర్‌కు దారి చూపడం. వీడియోల్లో చెప్పినట్టే అన్నీ చేసినా ఊరి కనెక్షన్ మీద ఇది పనిచేయకపోవచ్చు. కారణం రూటర్ దగ్గర లేదు, సర్వీసు ఇచ్చేవాళ్ల దగ్గర ఉంది. ఐపీవీ4 అడ్రస్‌లకు (నాలుగు అంకెల గుంపులుండే పాత రకం ఇంటర్నెట్ అడ్రస్‌లు) కరువొచ్చింది కాబట్టి చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తాయి. పెద్ద అపార్ట్‌మెంట్‌కు ఒకటే గేటు ఉండి, ఫ్లాట్ నంబర్ల జాబితా వాచ్‌మన్ దగ్గర లేనట్టు: లోపలివాళ్లు బయటికి పోగలరు, బయటివాళ్లు ఎవరింటికి రావాలో తేలదు. దీన్ని సీజీనాట్ అంటారు.

మీది అలాంటిదో కాదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఊరి ఇంట్లో ఎవరితోనైనా బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టించి రూటర్ పేజీ తెరిపించండి (కొన్నింట్లో 192.168.0.1, వెనక స్టిక్కర్ మీద ఉంటుంది). అందులో వాన్ ఐపీ (రూటర్‌కు బయటివైపు ఉన్న అడ్రస్) అన్న నంబరు రాసుకోండి. అదే కంప్యూటర్‌లో గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి వచ్చిన ఐపీవీ4 నంబరుతో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీకు సొంత బయటి అడ్రస్ ఉంది. వేరైతే, ముఖ్యంగా వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలోగానీ 10తోగానీ మొదలైతే, సీజీనాట్ వెనక ఉన్నట్టే. వాన్ ఐపీ 192.168తో ఉంటే మాత్రం ఆపరేటర్ డబ్బా వెనక మీరు కొన్న రెండో రూటర్ ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు రెండోదాన్ని బ్రిడ్జ్ లేదా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఒక అడ్డు తగ్గుతుంది.

పరిష్కారం? నెలకు ఇంత అని కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బయటి అడ్రస్, తీసుకోవచ్చు. నా మాట అడిగితే, అది ఉన్నా 3389ను బయటికి తెరవొద్దు. ఆ పోర్టు తెరిచి ఉన్న ఇళ్ల కోసం ఇంటర్నెట్‌లో ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడ్డప్పుడు, పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే ఈ దారిన లోపలికి రావచ్చని తేలింది. పోర్టు నంబరు మార్చి 3390 చేసినా వెతికేవాళ్లకు దొరుకుతుంది.

దానికి బదులు టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌ను (ఇంటర్నెట్ మీదుగా కంప్యూటర్లను సొంత దారిలో కలిపే ప్రోగ్రాము) రెండు కంప్యూటర్లలో పెట్టి ఒకే ఖాతాతో లాగిన్ అవ్వండి. సొంత వాడకానికి ఉచితం. రెండు కంప్యూటర్లూ లోపలి నుంచి బయటికి వచ్చి కలుస్తాయి కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు, రూటర్ జోలికి పోనవసరమే లేదు. అది ఊరి కంప్యూటర్‌కు 100తో మొదలయ్యే ఒక అడ్రస్ ఇస్తుంది. పైన చెప్పిన వాన్ ఐపీతో దాన్ని కలిపేసుకోకండి, ఇది మీ సొంతం. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇకనుంచి ఈ నంబరే కొట్టాలి.

కొన్నాళ్లు నడిచి ఉన్నట్టుండి ఆగిపోయింది

టెయిల్‌స్కేల్ పెట్టుకున్నవాళ్లకు దీనికి రెండు కారణాలు. ఒకటి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఎవరూ లాగిన్ కాకపోవడం. దాని మెనూలో "రన్ అన్‌అటెండెడ్" టిక్ చేస్తే లాగిన్ స్క్రీన్ దగ్గరే ఆగి ఉన్నా పనిచేస్తుంది. రెండు, టెయిల్‌స్కేల్‌లో ప్రతి కంప్యూటర్ లాగిన్ తాళానికీ (కీ) మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. వెబ్‌లోని అడ్మిన్ పేజీలో ఊరి కంప్యూటర్‌కు మాత్రం "డిసేబుల్ కీ ఎక్స్‌పైరీ" నొక్కండి, లేకుంటే ఆరు నెలలకోసారి నాయినతో ఫోన్‌లో లాగిన్ చేయించాలి.

అన్నీ ఆన్‌లో ఉన్నాయి, అయినా పాస్‌వర్డ్ దాకా రాదు

ఊరి కంప్యూటర్‌లో విండోస్ ఏ ఎడిషనో చూడండి. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది. హోమ్ అని ఉంటే కథ అక్కడే అయిపోయింది: హోమ్ ఎడిషన్ నుంచి వేరేదానికి పోవచ్చు, దానిలోకి మాత్రం రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేరు. షాపులో కొన్న చాలా ల్యాప్‌టాప్‌లలో వచ్చేది హోమే. డబ్బు పెట్టి విండోస్ ప్రో ఎడిషన్‌కు మారొచ్చు. వద్దనుకుంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్ లాంటివి హోమ్‌లోనూ నడుస్తాయి. ఏవో ప్యాచ్ ఫైళ్లతో హోమ్‌ను మోసం చేసే పద్ధతులు వచ్చే అప్‌డేట్‌కే తెగిపోతుంటాయి, లెక్కలున్న కంప్యూటర్ మీద ఆ ప్రయోగం వద్దు.

ప్రో అయితే సిస్టమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్ ఆన్ చేసి, ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో రిమోట్ డెస్క్‌టాప్ పక్కన రెండు టిక్కులూ ఉన్నాయో చూడండి. వేరే యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ కూడా. సిటీ ల్యాప్‌టాప్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌ను ఆ అడ్రస్‌తో, పోర్ట్ 3389తో నడిపితే ఫాల్స్ అంటే దారి మూసి ఉంది, ట్రూ అంటే తెరిచి ఉంది.

పాస్‌వర్డ్ తప్పంటుంది

నాలుగంకెల పిన్‌తో రోజూ తెరిచే కంప్యూటర్‌కు దూరం నుంచి పిన్ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే యూజర్ పేరు చోట పూర్తి ఈమెయిల్ రాయండి. సరైన పాస్‌వర్డ్ కొట్టినా కాదంటే, ఆ కంప్యూటర్ మీద ఇంతవరకు పిన్ తప్ప పాస్‌వర్డ్ వాడి ఉండకపోవచ్చు. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో "విండోస్ హెలో మాత్రమే" అన్న స్విచ్ తీసేసి, ఊళ్లో ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ చేయిస్తే సరిపోతుంది. పాస్‌వర్డే లేని లోకల్ ఖాతాను విండోస్ బయటి నుంచి రానివ్వదు, ఒకటి పెట్టాల్సిందే.

తెలుగు టైపింగ్ చేసే ఇళ్లల్లో ఇంకోటి. కీబోర్డు తెలుగులో ఉండిపోతే చుక్కల వెనక ఏం పడుతుందో కనిపించదు. కింద మూలన భాష గుర్తు ఇంగ్లిష్‌కు మార్చి మళ్లీ కొట్టండి.

కలిసింది కానీ...

మీరు లోపలికి రాగానే నాయిన ముందు స్క్రీన్ లాక్ పడుతుంది. అది పాడవడం కాదు, మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే. ఇద్దరూ ఒకే స్క్రీన్ చూస్తూ నేర్పాలంటే విండోస్‌లోని క్విక్ అసిస్ట్ వాడండి. అందులో కోడ్ మీ ఇంట్లోవాళ్లకు మీరు ఇచ్చేది. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఇలాంటి యాప్ పెట్టమనేవాడు దొంగ, వెంటనే నెట్ తీసేసి 1930కి చేయమని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

నెమ్మదిగా ఉంటే ఊరి కనెక్షన్ అప్‌లోడ్ స్పీడ్ చూడాలి, డౌన్‌లోడ్ కాదు. మీ ల్యాప్‌టాప్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ విండోలో ఎక్స్‌పీరియెన్స్ ట్యాబ్‌కు పోయి వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేస్తే తేడా తెలుస్తుంది. డెస్క్‌టాప్‌ను వైఫై మీద కాక కేబుల్‌తో రూటర్‌కు కలిపితే ఇంకా నయం. కాపీ-పేస్ట్ ఆగితే ఊరి కంప్యూటర్ టాస్క్ మేనేజర్‌లో ఆర్‌డీపీక్లిప్ (rdpclip) అన్నదాన్ని ముగించి మళ్లీ నడపండి. ట్యాలీ బిల్లు ఊళ్లో కాకుండా మీ దగ్గర ప్రింట్ కావాలంటే, కనెక్ట్ అయ్యేముందు లోకల్ రిసోర్సెస్‌లో ప్రింటర్స్ టిక్ చేసి, ప్రింట్ కొట్టేటప్పుడు "రీడైరెక్టెడ్" అని రాసి ఉన్న ప్రింటర్‌ను ఎంచుకోండి.