గడ్డికోత చిత్రాలను పని తెలిసిన కంటితో చూడటం

ఐరోపా చిత్రకారులు శతాబ్దాల పాటు గడ్డికోతను చిత్రించారు. చలికాలమంతా పశువులను బతికించే మేత వేసవిలో దొరికే కొద్దిపాటి ఎండ రోజుల్లోనే సిద్ధం కావాలి. ఆ చిత్రాల్లోని మనుషుల భంగిమలకు ఆ తొందరే ఆధారం. అందువల్ల అటువంటి చిత్రాన్ని చూసేటప్పుడు రంగుల కంటే ముందు, గడ్డి ఏ దశలో ఉందో గమనించాలి.

మొదట కోత. గడ్డి వెన్ను తీసి పూతకు వచ్చే వేళ కోస్తేనే మేతకు బలం ఉంటుంది. ఆలస్యమైతే కాడ ముదిరి పీచు పెరుగుతుంది. పొడవాటి పిడి గల పెద్ద కొడవళ్లతో కోసేవారు తెల్లవారుజామునే పనిలో దిగేవారు, ఎందుకంటే మంచుకు తడిసిన గడ్డి తేలికగా తెగుతుంది. పీటర్ బ్రూగెల్ 1565లో వేసిన గడ్డికోత చిత్రంలో ఎడమ మూలన ఒకడు కూర్చుని కొడవలి అంచును సుత్తితో సాగగొడుతుంటాడు. చాలామంది చూపు అతనిని దాటిపోతుంది. కానీ పదును లేనిదే ఆ పొలంలో ఏ పనీ సాగదు.

ఎండబెట్టడమే అసలైన నేర్పు. కోసినప్పుడు గడ్డిలో 75 నుంచి 80 శాతం వరకు నీరుంటుంది. నిల్వ చేయాలంటే అది 20 శాతం లోపుకు రావాలి. ఇందుకోసం గడ్డిని పలచగా పరచి, తిరగేసి, దంతెలతో వరుసలుగా లాగి, సాయంత్రం మంచు తగలకుండా చిన్న కుప్పలు వేసి, మర్నాడు మళ్లీ విప్పుతారు. తడి మిగిలిన గడ్డిని వామి వేస్తే లోపల సూక్ష్మజీవుల వల్ల వేడి పుట్టి, బూజు పట్టడమే కాక కొన్నిసార్లు దానంతట అదే అంటుకుంటుంది. బ్రూగెల్ చిత్రంలో దంతెలు భుజాన వేసుకుని నడిచే స్త్రీలను ఈ సంగతి తెలిసి చూస్తే, వారి పని ఎంత కీలకమో అర్థమవుతుంది. జూల్ బాస్టియన్-లెపాజ్ 1877 నాటి చిత్రంలో కోసిన గడ్డి మీద శూన్యంగా చూస్తూ కూర్చున్న స్త్రీ అలసటను ఇంత నిజాయితీగా చూపిన చిత్రాలు అరుదని నా అభిప్రాయం.

ఇక బండికెత్తడం. జాన్ కానిస్టబుల్ 1821లో చిత్రించిన బండి నీటిలో ఖాళీగా ఉంటుంది. కుడివైపు దూరపు పొలంలో కూలీలు గడ్డి ఎత్తుతుండటం చూస్తే, ఈ బండి లోడు కోసం వెళుతోందని తెలుస్తుంది.

క్లాడ్ మోనె 1890–91లో వేసిన ప్రసిద్ధ వాముల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వాటిని గడ్డివాములనడం పరిపాటి అయినా, అవి నూర్పిడి కోసం నిలిపిన గోధుమ పనల వాములు. వాన లోపలికి దిగకుండా కట్టిన శంకువు వంటి కప్పునూ, కొన్ని చిత్రాల్లో దాని మీద పేరుకున్న మంచునూ గమనిస్తే, వేసవి పొలంలో సాయంత్రానికి వేసి ఉదయాన్నే విప్పే గడ్డికుప్పతో వాటిని పొరబడరు.