బరువు ఎక్కువున్న తల్లికి పాలు ఆలస్యమైతే ఏం చేయాలి

కాన్పయ్యాక ప్రొజెస్టెరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్) పడిపోతేనే పాలు పొంగుతాయి. మామూలుగా ఇది 2–3 రోజుల్లో జరుగుతుంది. ఊబకాయం ఉన్నవారిలో 72 గంటలు దాటడం ఎక్కువ. బిడ్డ చీకినప్పుడు ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్) తగినంత పెరగకపోవడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, సిజేరియన్ ఇందుకు కారణాలు కావచ్చు. ఆలస్యమైనంత మాత్రాన పాలు లేవని కాదు, దయచేసి డబ్బా పాలకు తొందరపడకండి.

మొదటి గంటలోనే బిడ్డను ఒంటికి ఆనించి పట్టించండి. రోజుకు 8–12 సార్లు ఇవ్వాలి, రాత్రిళ్లు కూడా. బిడ్డ పట్టకపోతే 2–3 గంటలకోసారి ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టండి. తొలి రోజుల్లో పాలు పిండే పంపు కంటే చెయ్యే మేలు, చిక్కటి చుక్కలు పంపుకే అంటుకుపోతాయి.

రొమ్ము బరువుగా ఉంటే కింద చుట్టిన తువ్వాలు పెట్టి, బిడ్డ కాళ్లు మీ వీపు వైపు ఉండేలా చంక కింద పట్టుకోండి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే నొప్పి పుడుతుంది, పాలూ దిగవు. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి.

అయిదో రోజుకల్లా బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోయాలి. అంతకన్నా తగ్గినా, పుట్టిన బరువులో 10 శాతం లేదా అంతకు మించి తగ్గినా, మత్తుగా పడుకునే ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించండి.