అప్‌డేట్ తర్వాత ‘నో సిమ్’: రీసెట్ చేసే ముందు చూడవలసినవి

రాత్రి పడుకునే ముందు ఫోను అప్‌డేట్ అడుగుతుంది. సరే అని నొక్కి ఛార్జింగుకు పెడతాం. పొద్దున లేచి చూస్తే సిగ్నల్ గీతలు ఉండవలసిన చోట ‘నో సిమ్’ అని ఉంటుంది. కాల్స్ రావు, బ్యాంకు ఓటీపీ రాదు. ఇంట్లో వైఫై ఉంటే వాట్సాప్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది కాబట్టి కొందరికి మధ్యాహ్నం దాకా సంగతే తెలియదు.

మా పెద్దమ్మకు సరిగ్గా ఇదే జరిగింది. దగ్గరలోని దుకాణానికి తీసుకువెళ్తే, అక్కడి అబ్బాయి “సాఫ్ట్‌వేర్ పాడైందమ్మా, రీసెట్ చేస్తే వచ్చేస్తుంది” అన్నాడట. చేశాడు. సిమ్ రాలేదు. పెదనాన్న చివరి రోజుల ఫొటోలు, ఆయన గొంతుతో ఉన్న వాయిస్ మెసేజీలు మాత్రం పోయాయి. సాయంత్రం నేను వెళ్ళి సిమ్ తీసి చూస్తే దాని బంగారు రంగు రేకు నల్లబడి ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి పెట్టాను. ఫోను ఆన్ అయిన నిమిషానికి సిగ్నల్ వచ్చింది. ఆ గీతలు చూసి పెద్దమ్మ సంతోషించలేదు. అందుకే, ఫోనంతా చెరిపే రీసెట్ జోలికి పోయే ముందు చూడవలసినవి ఇక్కడ చెబుతున్నాను.

ముందు తెర మీద ఏముందో చదవండి

‘సిగ్నల్ పోయింది’ అని అందరూ ఒకే మాట అంటారు కానీ ఫోను చెప్పేది వేరువేరుగా ఉంటుంది. ‘నో సిమ్’ అంటే కార్డు ఉన్నట్టే ఫోనుకు తెలియడం లేదు. ‘నో సర్వీస్’ అంటే కార్డు కనిపించింది, టవరుతో మాట కలవలేదు. ‘ఇన్‌వాలిడ్ సిమ్’, ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ వంటివి వస్తే కార్డును చదివి, కావాలనే తిరస్కరిస్తున్నదన్నమాట. నాలుగు అంకెల పిన్ అడుగుతుంటే అది సమస్యే కాదు. అప్‌డేట్ కోసం ఫోను ఆగి మళ్ళీ మొదలైంది కాబట్టి, ఎప్పుడో పెట్టుకుని మరచిపోయిన సిమ్ పిన్ ఇప్పుడు అడుగుతోంది. ఊహించి కొట్టవద్దు. మూడు సార్లు తప్పితే సిమ్ లాక్ అవుతుంది. అప్పుడు ఎనిమిది అంకెల పీయూకే కోడ్ కావాలి, అది మీ నెట్‌వర్క్ కంపెనీ ఇస్తుంది. ఆ కోడ్ కూడా పది సార్లు తప్పితే ఆ కార్డు ఇక పనికిరాదు.

రెండు పరీక్షలు, అయిదు నిమిషాలు

మొదటిది: ఫోను డయలర్‌లో *#06# కొట్టండి. కాల్ బటన్ నొక్కనవసరం లేదు. 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు, కనిపించాలి. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు. బాక్సు మీద ముద్రించినవాటితో పోల్చి చూడండి.

రెండోది: ఫోను ఆఫ్ చేసి, మీ సిమ్ తీసి ఇంట్లో వేరే ఫోనులో పెట్టండి. ఆ ఫోనులోని సిమ్ తెచ్చి దీంట్లో పెట్టండి.

ఈ రెండు జవాబులూ చేతిలో ఉంటే, తప్పు కార్డుదా, ట్రేదా, సెట్టింగ్‌దా, ఫోను లోపల సిగ్నల్ పట్టే భాగమైన మోడెమ్‌దా అన్నది దాదాపు తేలిపోతుంది. ఇవి చేయకుండా మొదలుపెట్టే ఏ మరమ్మత్తు అయినా చీకట్లో తడుములాటే.

ఐఎంఈఐ ఉంది, వేరే సిమ్ పనిచేస్తోంది: తప్పు మీ సిమ్‌దే

“నిన్నటిదాకా బాగుంది కదా, అప్‌డేట్ తర్వాతే కదా పోయింది” అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. సిమ్ కూడా ఒక చిన్న కంప్యూటరే. ఫోను ఆన్ అయిన ప్రతిసారీ దానికి కరెంటు ఇచ్చి, రీసెట్ సంకేతం పంపి, అది చెప్పే జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఆ జవాబు సరిగ్గా అందకపోతే కార్డు లేనట్టే లెక్క. మనలో చాలామంది ఫోనును నెలల తరబడి ఆఫ్ చేయరు. కార్డు మీద మసి పట్టినా, రేకు అరిగినా, ఎప్పుడో ఏర్పడిన ఆ పరిచయంతోనే బండి నడిచిపోతుంటుంది. అప్‌డేట్ వచ్చి ఫోనును ఆపి మళ్ళీ లేపినప్పుడు, పరిచయం మొదటి నుంచి మొదలవుతుంది. బలహీనపడిన కార్డు అక్కడే తడబడుతుంది. అప్‌డేట్ ఆ లోపాన్ని పుట్టించలేదు, బయటపెట్టింది.

రబ్బరుతో తుడిచి చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూది పుల్లకు అద్ది తుడవవచ్చు. నీళ్ళు, శానిటైజర్ జెల్ వద్దు. ఫోను లోపలి పిన్నులను సూదితో, గుండుసూదితో గీకవద్దు. అవి సన్నని స్ప్రింగులు, ఒకసారి వంగితే బోర్డు మరమ్మత్తు దాకా పోతుంది.

పాత పెద్ద సిమ్‌ను కత్తిరించి నానో చేసిన కార్డు మీదైతే, తుడిచి సమయం వృథా చేయకుండా మార్చేయండి. నానో సిమ్ 12.3 x 8.8 మిల్లీమీటర్లు, మందం 0.67 మిల్లీమీటర్లు. పాత కార్డుల మందం 0.76. అడ్డంగా, నిలువుగా ఎంత చక్కగా కత్తిరించినా ఆ మందం తగ్గదు. ట్రే బిగుసుకుని పిన్నుల మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది.

అదే నంబరుతో కొత్త సిమ్ కోసం మీ నెట్‌వర్క్ స్టోరుకు గుర్తింపు కార్డుతో వెళ్ళాలి. కొత్త సిమ్ మొదలైన తర్వాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి. మోసగాళ్ళ చేతికి ఓటీపీలు చిక్కకుండా పెట్టిన నిబంధన ఇది. కాబట్టి ఆ రోజు ఫీజు కట్టవలసి ఉన్నా, టికెట్ తీయవలసి ఉన్నా ముందే వేరే ఏర్పాటు చూసుకోండి. ఇంకొకటి, 2024 జూలై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు వేరే నెట్‌వర్క్‌కు పోర్ట్ కావడం కుదరదు.

ఐఎంఈఐ ఉంది, ఏ సిమ్ పెట్టినా కనిపించడం లేదు

ముందు తేలికైనవి. సెట్టింగ్స్‌లో సిమ్ పేజీ తెరవండి. ప్రతి సిమ్‌కూ ఒక ఆన్-ఆఫ్ మీట ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఎయిరోప్లేన్ మోడ్ ఒకసారి పెట్టి, అర నిమిషం తర్వాత తీయండి. ట్రేను వేలితో నొక్కి చూడండి, వంకర తిరిగిందా, కార్డు అంచు పైకి లేచిందా అని. రెండో గదిని మెమరీ కార్డుతో పంచుకునే ట్రేలలో సిమ్ రెండో గదిలో ఉంటే మొదటి గదిలోకి మార్చండి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొడితే ఒక పరీక్ష పేజీ తెరుచుకుంటుంది. దాంట్లో ఫోన్ ఇన్ఫర్మేషన్ లోపల ‘మొబైల్ రేడియో పవర్’ అనే మీట ఉంటుంది. ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయండి. ఆ పేజీలో మిగతావి ముట్టుకోవద్దు.

తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్. ఫోను తయారీని బట్టి ఇది సిస్టమ్ లోపలో, జనరల్ మేనేజ్‌మెంట్ లోపలో రీసెట్ అన్న పేరుతో ఉంటుంది. దీనివల్ల వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయి. ఫొటోలు, మెసేజీలు, యాప్‌లు పోవు. కానీ అదే పేజీలో డేటా అంతా చెరిపేసే బటన్ కూడా ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని, పేరు పూర్తిగా చదివి నొక్కండి. ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ-సిమ్‌ను కూడా చెరిపేయమని అడిగే గడి ఒకటి కొన్ని ఫోన్లలో ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే కంపెనీ దగ్గర మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.

అప్పటికీ రాకపోతే, వైఫై మీద మరో అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. పెద్ద వెర్షన్ వెనకాలే చిన్న సవరణ రావడం మామూలే. 2014 సెప్టెంబరు 24న యాపిల్ ఐఓఎస్ 8.0.1 విడుదల చేసినప్పుడు ఐఫోన్ 6, 6 ప్లస్ వాడేవారికి సిగ్నల్ పోయింది. కంపెనీ దాన్ని కొద్ది గంటల్లోనే వెనక్కి తీసుకుని, మరునాడే 8.0.2 ఇచ్చింది. అంత పెద్ద సంస్థకే జరిగినప్పుడు, తప్పు మీ చేతిదేనని కుమిలిపోనవసరం లేదు.

ఐఎంఈఐ కనిపించడం లేదు: ఇది అసలైన జబ్బు

*#06# కొట్టినప్పుడు ఖాళీగా గానీ, సున్నాలు గానీ, ‘నల్’, ‘అన్‌నోన్’ అని గానీ వస్తే, సిమ్ తుడవడాలు, ట్రే నొక్కడాలు ఆపండి. అబౌట్ ఫోన్ పేజీలో ‘బేస్‌బ్యాండ్ వెర్షన్’ (మోడెమ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్) అన్న వరుస చూడండి. అక్కడా ‘అన్‌నోన్’ ఉంటే రోగ నిర్ధారణ అయినట్టే. ఐఫోన్‌లో అయితే అబౌట్ పేజీలోని ‘మోడెమ్ ఫర్మ్‌వేర్’ వరుస ఖాళీగా ఉంటుంది.

ఫోనులో నిజానికి రెండు కంప్యూటర్లు కాపురం చేస్తుంటాయి. ఒకటి మనం చూసేది, ఆండ్రాయిడ్ నడిచేది. రెండోది మోడెమ్, దాని సాఫ్ట్‌వేర్ వేరు, మెమరీలో దాని గది వేరు. సిమ్ తీగలు వెళ్ళి కలిసేది ఈ రెండో దానికే. మోడెమ్ లేవకపోతే సిమ్ ఎంత కొత్తదైనా, ఎంత శుభ్రంగా ఉన్నా, ఆండ్రాయిడ్‌కు కనిపించదు. అప్‌డేట్‌లో మోడెమ్ భాగం సరిగ్గా ఎక్కకపోయినా, కొత్త ఆండ్రాయిడ్‌కు పాత మోడెమ్ మిగిలిపోయినా ఇలా జరుగుతుంది. ఐఎంఈఐ, ఆ ఒక్క ఫోనుకే ఫ్యాక్టరీలో సరిచేసిన రేడియో కొలతలు ఉండే భాగం చెడిపోయినా అంతే.

ఫ్యాక్టరీ రీసెట్ చెరిపేది మన డేటా ఉన్న గదిని. మోడెమ్ గదిని, ఐఎంఈఐ ఉన్న గదిని అది ముట్టుకోదు. అంటే ఈ జబ్బుకు రీసెట్ మందే కాదు. ఫొటోలు పోతాయి, జబ్బు ఉంటుంది. ఇది ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరడం లేదు.

దీనికి మందు, కంపెనీ అసలు ఫర్మ్‌వేర్‌ను, అంటే ఫోను లోపలి మూల సాఫ్ట్‌వేర్‌ను, అదే వెర్షన్ లేదా అంతకన్నా కొత్తది మళ్ళీ ఎక్కించడం. అధీకృత సర్వీస్ సెంటరులో చేయించండి. ఐఫోన్‌ను మీరే కంప్యూటరుకు కలిపి రికవరీ మోడ్‌లో పెట్టవచ్చు. ‘అప్‌డేట్’, ‘రీస్టోర్’ అని రెండు బటన్లు వస్తాయి. మొదటిది డేటాను ఉంచి సిస్టమ్‌ను మళ్ళీ ఎక్కిస్తుంది, రెండోది అంతా చెరిపేస్తుంది. మొదటిదే నొక్కండి. ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించినా బేస్‌బ్యాండ్ రాకపోతే చిప్పో, దాని అతుకులో పోయినట్టు. ఐఫోన్ 7లో కొన్నిటికి బోర్డు మీద ఒక భాగం చెడిపోయి ‘నో సర్వీస్’ రావడం, 2018లో యాపిల్ వాటికి ఉచితంగా మరమ్మత్తు ప్రకటించడం ఇలాంటిదే.

సొంతంగా కస్టమ్ రోమ్ (కంపెనీది కాని ఆండ్రాయిడ్) ఎక్కించేవారికి ఒక మాట. ఐఎంఈఐ, రేడియో కొలతలు ఉండే భాగాల పేర్లు ఇవి: క్వాల్‌కామ్ ఫోన్లలో మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, మీడియాటెక్‌లో ఎన్‌వీరామ్, ఎన్‌వీడేటా, శాంసంగ్‌లో ఈఎఫ్‌ఎస్. ఫోను బాగున్న రోజునే వీటి నకలు తీసి కంప్యూటరులో దాచుకోండి. పక్కవాడి ఫోను నకలు మీకు పనికిరాదు. శాంసంగ్ ఫర్మ్‌వేర్‌లోని నాలుగు ఫైళ్ళలో మోడెమ్‌ది సీపీ అన్న ఫైలు. తొందరలో అదొక్కటి వదిలేసిన వాళ్ళు చాలామంది ఉన్నారు.

“ఐఎంఈఐ రాసి పెడతాం” అనే దుకాణాలకు మాత్రం దూరంగా ఉండండి. వేరే నంబరు రాస్తే ఫోను పనిచేయవచ్చు, కానీ ఐఎంఈఐని తారుమారు చేయడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మరమ్మత్తు తర్వాత *#06# మళ్ళీ కొట్టి బాక్సు మీది నంబరుతో సరిచూడండి.

సిమ్ కనిపిస్తోంది, సిగ్నల్ లేదు

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ టైప్ చూడండి. అప్‌డేట్‌లో అది 3జీకో 2జీకో మారితే జియో సిమ్‌కు సర్వీస్ ఉండదు, ఎందుకంటే జియోకు ఆ రెండూ లేవు. 4జీ లేదా 5జీ ఆటో పెట్టండి.

నెట్‌వర్క్ టైప్ సరిగానే ఉండి, వేరే ఫోనులో పెట్టినా మీ సిమ్‌కు సర్వీస్ రాకపోతే ఆలస్యం చేయవద్దు. ఎవరైనా మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. అప్‌డేట్ అదే రోజు రావడం కాకతాళీయం కావచ్చు. ఇంకొకరి ఫోను నుంచి నెట్‌వర్క్ కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

అమెరికా నుంచి వచ్చిన ఫోన్లు

అక్కడి పిల్లలో, అన్నయ్యో పంపిన ఐఫోన్లలో కొన్ని ఆ దేశపు నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉంటాయి. సిమ్ కింద పలచని చిప్ ఒకటి పెట్టి ఇక్కడ నడిపిస్తారు. అప్‌డేట్ ఆ కిటుకును మూసేస్తుంది, ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వస్తుంది. అబౌట్ పేజీలో ‘క్యారియర్ లాక్’ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఫోను స్వేచ్ఛగా ఉన్నట్టు. లేకపోతే, కొన్న నెట్‌వర్క్ వారే అన్‌లాక్ చేయాలి. ఆ అర్జీ అక్కడున్నవారి ఖాతా నుంచే పెట్టించండి.

సర్వీస్ సెంటరుకు ఇచ్చే ముందు

సిమ్ లేకపోయినా వైఫై మీద బ్యాకప్ నడుస్తుంది. ఫొటోలను కేబుల్‌తో కంప్యూటరులోకి, వాట్సాప్‌ను దాని బ్యాకప్‌లోకి ఎక్కించండి. గూగుల్ లేదా యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి, చెరిపిన ఫోను మొదట అడిగేది అదే. “నన్ను అడగకుండా డేటా చెరపవద్దు” అని జాబ్ షీట్ మీద రాయించండి. ఇక మీ సిమ్‌ను ఫోనుతో పాటు వారికి ఇవ్వకుండా తీసి, ఇంట్లో ఉన్న బటన్ ఫోనులోనైనా (జియో సిమ్ అయితే 4జీ ఫోను కావాలి) పెట్టి ఆన్‌లో ఉంచండి. వాట్సాప్ మళ్ళీ తెరవడానికి వచ్చే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.